లింకన్ కొండ మీది మరియమాత గుడి: మూడు రాత్రులు, రెండు బసలు

అక్టోబర్ మాకు జపమాల నెల. విజయవాడలో ఉంటే ఆ నెలంతా సాయంత్రం ఏడింటికి మా వీధిలో ఎవరో ఒకరింట్లో జపమాల జరుగుతుంది. చివర్లో గుగ్గిళ్లో, రవ్వకేసరో చేతిలో పెడతారు. ఈసారి ఆ నెల మొదటి వారానికి నేనూ మావారూ ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. ఆ ఇంట్లో మేం ముగ్గురమే. నాలుగో రోజుకి నా ముఖం చూసి వాడికి అర్థమైంది. "అమ్మా, ఇక్కడికి గంట దూరంలో లింకన్ ఉంది. అక్కడి కథెడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద గుడి, మరియమాత పేరు మీదే కట్టారు. అది కూడా కొండ మీదే, మన గుణదలలాగా. నాన్నని తీసుకుని వెళ్లి రెండు మూడు రోజులు ఉండి రండి, శనివారం కారేసుకుని నేనూ వస్తా" అన్నాడు.

ఒక్క సంగతి ముందే చెప్పాడు: అది ఇప్పుడు క్యాథలిక్ గుడి కాదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రోమ్‌లోని పోపుతో తెగతెంపులు చేసుకున్నప్పటినుంచీ ఆంగ్లికన్లది, అంటే పోపు కింద లేని ఇంగ్లండ్ సంఘానిది. క్యాథలిక్కులు కట్టుకున్న మరియమాత గుడిలో ఐదు వందల ఏళ్ల తర్వాత మరియమ్మకి ఏం మిగిలిందో చూడాలనిపించింది. ఆ ఒక్క ప్రశ్నతోనే బయల్దేరాను.

నాటింగ్‌హామ్ నుంచి లింకన్‌కి నేరుగా రైలుంది, సుమారు గంట ప్రయాణం. లండన్ నుంచి వచ్చేవాళ్లు కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో నేరు రైలెక్కితే రెండు గంటలు పడుతుంది. అది దొరక్కపోతే న్యూవార్క్‌లో మారాలి. మేం గురువారం మధ్యాహ్నం ఎక్కాల్సిన రైలు రద్దయింది, దాని తర్వాతది రెండే పెట్టెలతో వచ్చింది. నిలబడే వెళ్లాం. మావారికి మోకాలి నొప్పి. ఒక అమ్మాయి లేచి సీటు ఇచ్చింది కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దున్నే రైలు చూసుకోండి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి పోవద్దు.

లింకన్ చుట్టూ నేలంతా చదును. అందుకని ఊరు రాకముందే కొండ మీద మూడు గోపురాలు కనిపిస్తాయి. నడిమి గోపురం ఎత్తు ఇప్పుడు 83 మీటర్లు. ఒకప్పుడు దాని మీద చెక్కతో చేసి సీసం తాపిన శిఖరం ఉండేది. దాంతో కలిపి 160 మీటర్లని చెబుతారు. ఆ లెక్కన 1311 నుంచి 1548లో ఆ శిఖరం కూలిపోయేదాకా, ఈజిప్టు పెద్ద పిరమిడ్‌ని దాటి, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడం ఇదే. శిఖరం లేకుండానే ఇంత దూరం కనబడుతోందంటే, అప్పట్లో పొలాల్లో పనిచేసుకునేవాళ్లకి ఎలా కనిపించేదో అనుకున్నాను.

మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గరలో, కొండ కింద దిగాం. గొలుసు హోటళ్లలో ఒకటి. లిఫ్ట్ ఉంది, వేడినీళ్లు బాగా వచ్చాయి, మంచం శుభ్రంగా ఉంది. కిటికీలోంచి కార్ పార్కింగ్ తప్ప ఏమీ కనపడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి, పొద్దున్నే రైలెక్కాల్సినవాళ్లకి అది చాలు. కానీ లింకన్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఉండాల్సింది పైన, కథెడ్రల్‌కీ కోటకీ మధ్య బెయిల్‌గేట్ వీధి చుట్టుపక్కల. మిగతా రెండు రాత్రులు అక్కడ ఒక పాత ఇంట్లో నడిపే గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. కింది దానికంటే అద్దె దాదాపు ఒకటిన్నర రెట్లు. అయినా దానికే నా ఓటు, ఒక ఫిర్యాదుతో సహా.

ఫిర్యాదు ఇదీ. మోకాలి సంగతి రాసి, కింది గది కావాలని బుక్ చేసినప్పుడే అడిగాం, సరేనని జవాబు కూడా వచ్చింది. తీరా వెళ్తే అటకలాంటి మూడో అంతస్తు గది ఇచ్చారు. లిఫ్ట్ లేదు, మెట్లు ఒక మనిషి పట్టేంత ఇరుకు. ఇంటావిడ ఆ రోజు లేదు, ఉన్న కుర్రాడికి ఏమీ తెలియదు. ఆ రాత్రి మావారు మెట్ల మీద రెండుసార్లు కూర్చుని లేచారు. మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి, విని, వెంటనే కింద గది ఖాళీ చేయించి ఇచ్చింది, ఒక రోజు బ్రేక్‌ఫాస్ట్ డబ్బులు తీసుకోలేదు. మనసున్న మనిషే. అయినా ఇలాంటి పాత ఇళ్లలో దిగేవాళ్లు బయల్దేరే రోజు ఫోన్ చేసి గది ఏ అంతస్తో మళ్లీ అడిగి తీరాలి. ఆ బ్రేక్‌ఫాస్ట్‌లో పెట్టిన ఎండుద్రాక్షల రొట్టె, వాళ్లు ప్లమ్ బ్రెడ్ అంటారు, ఈ జిల్లాదే. వెన్న రాసుకుని టీతో తింటే చాలా బాగుంది.

కింది ఊరికీ పై ఊరికీ మధ్య దారి పేరే స్టీప్ హిల్. నిట్టనిలువు కొండ అని పేరు పెట్టుకున్న వీధి అది. నాపరాళ్లు పరిచిన దారి, రెండువైపులా చిన్న చిన్న దుకాణాలు, పట్టుకోవడానికి ఒక చోట ఇనుప కమ్మీ. దారిలోనే పన్నెండో శతాబ్దపు రాతి ఇల్లొకటి ఉంది, యూదుల ఇల్లు అంటారు. ఈ ఊళ్లో అప్పట్లో యూదులు బాగా ఉండేవారు. 1255లో హ్యూ అనే చిన్నపిల్లాడు చనిపోతే ఆ నింద వాళ్ల మీద మోపి పద్దెనిమిది మందిని ఉరితీశారు. ఆ పిల్లాడి సమాధి కథెడ్రల్‌లోనే ఉండేది. ఆ కథ అబద్ధమనీ, క్రైస్తవులకి అది సిగ్గుచేటనీ చెబుతూ ఇప్పుడు అక్కడ ఒక పలక పెట్టారు. దాన్ని చదవకుండా దాటిపోవద్దు. నేను ఆ కొండ నడిచే ఎక్కాను, మావారు సామానుతో టాక్సీలో వచ్చారు. మోకాళ్లు బాగున్నవాళ్లు నడవండి. గుణదల మెట్లెక్కినట్టే, ఎక్కుతున్నంతసేపూ గుడి కనపడదు, చివరి మలుపు తిరిగాక ఒక్కసారిగా ఎదురు నిలబడుతుంది.

శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కథెడ్రల్‌లోనే ఉన్నాం. చూడ్డానికి టికెట్ ఉంది, ప్రార్థనకి వచ్చేవాళ్లకి లేదు. టికెట్‌లోనే గైడుతో తిప్పి చూపించడం కలిసి ఉంది. పైకప్పు లోపలికీ గోపురం పైకీ తీసుకెళ్లే టూర్లకి వేరే డబ్బు, గోపురానికి మూడు వందలకి పైగా మెట్లు. మేం వాటి జోలికి పోలేదు. గైడులందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. మాకు దొరికినావిడ డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. నేనూ టీచర్‌నే అన్నాక గంట టూర్ కాస్తా రెండున్నర గంటలైంది. నేను వేసిన మొదటి ప్రశ్నే రోమ్ గురించి. ఆవిడ నవ్వి, పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్లి మొదలుపెట్టింది.

ఈ గుడి కట్టించిన మొదటి బిషప్ రెమీజియస్. నార్మండీలోని ఫెకాం మఠం నుంచి వచ్చిన సన్యాసి. 1066లో ఇంగ్లండ్ మీదికి దండెత్తి వచ్చిన నార్మండీ ప్రభువు విలియమ్‌కి ఆ మఠం తరఫున ఒక ఓడనీ ఇరవై మంది యోధుల్నీ ఇచ్చినవాడు. ఆ సాయానికి బదులుగానే బిషప్ పదవి వచ్చిందని ఆరోపణ. 1071లో రోమ్ వెళ్లినప్పుడు రెండో అలెగ్జాండర్ పోపు ముందు బిషప్ గుర్తులైన తన ఉంగరాన్నీ దండాన్నీ వదులుకోవాల్సి వచ్చింది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ లాన్‌ఫ్రాంక్ చేతుల మీదుగా అవి మళ్లీ దక్కాయి. తిరిగొచ్చాక 1072లో తన పీఠాన్ని థేమ్స్ ఒడ్డున ఉన్న డార్చెస్టర్ నుంచి ఈ కొండ మీదికి మార్చి, మరియమాత పేరున గుడి మొదలుపెట్టాడు. 1092లో ప్రతిష్ఠ జరగాల్సిన రోజుకి రెండు మూడు రోజుల ముందు కన్నుమూశాడు. పడమటి ముఖంలో పెద్ద తోరణాల చుట్టూ ఉన్న మొరటు రాతిపని అప్పటిదే. మిగతాదంతా తర్వాత పెరిగింది. గుడి పుట్టుకలోనే రోమ్‌లో ఒక తప్పు ఒప్పుకోవడం, ఒక క్షమాపణ ఉన్నాయని ఆవిడ అన్న మాట నాకు బాగా నచ్చింది.

1185లో భూకంపం వచ్చి గుడి చాలావరకు పడిపోయింది. మరుసటి ఏడు బిషప్‌గా వచ్చినవాడు పునీత హ్యూ. ఈయన ఫ్రాన్స్‌లోని అవలాన్‌లో పుట్టిన, కార్తూసియన్ అనే మఠ సభకి చెందిన సన్యాసి. రాజుల ముందు తల వంచనివాడు, కుష్ఠురోగుల్ని కౌగిలించుకున్నవాడు. 1192లో గుడిని మళ్లీ కట్టడం మొదలుపెట్టి, తనే భుజాన రాళ్లూ సున్నమూ మోశాడని చెబుతారు. 1200 నవంబర్‌లో పోయినప్పుడు ఇంగ్లండ్ రాజు జాన్, స్కాట్లండ్ రాజు విలియమ్ ఆయన పాడె మోశారు. 1220లో మూడో హొనోరియస్ పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. రోమ్ నుంచి వచ్చిన ఆ ఒక్క ప్రకటనతో ఈ ఊరి దారులన్నీ యాత్రికులతో నిండిపోయాయి. ఆ జనానికి చోటు చాలకే 1256 నుంచి తూర్పు వైపు ఏంజెల్ క్వైర్ అనే కొత్త భాగం కట్టారు. 1280 అక్టోబర్ 6న మొదటి ఎడ్వర్డ్ రాజు, ఎలెనోర్ రాణి ఎదుట హ్యూ అవశేషాల్ని అందులోకి మార్చారు. పదేళ్లకి ఆ రాణి ఈ ఊరికి దగ్గర్లోని హార్బీలో చనిపోతే, ఆమె దేహంలోని లోపలి భాగాల్ని ఈ గుడిలోనే పాతిపెట్టారు.

ఆ ఏంజెల్ క్వైర్‌లో ఎంతసేపు ఉన్నానో తెలియదు. పైన తోరణాల మూలల్లో రాతి దేవదూతలు, ఒకరి చేతిలో వీణలాంటిది, ఒకరి చేతిలో త్రాసు. తూర్పు కిటికీ నేల నుంచి కప్పు దాకా పరుచుకుని ఉంది. ఉదయం వెలుగు రాతిమీద పడితే రాయి తేనెరంగులోకి మారిపోయింది. అందరూ మాత్రం ఉత్తరం వైపు స్తంభం పైన కూర్చున్న చిన్న దయ్యం బొమ్మ కోసం తలలు పైకెత్తి వెతుకుతున్నారు. లింకన్ ఇంప్ అంటారు, ఊరికి అదే గుర్తు, దుకాణాల నిండా అవే బొమ్మలు. నా మట్టుకు దేవదూతల్ని చూడమంటాను.

రోమ్‌తో బంధం అనగానే అంతా విధేయతే అనుకుంటాం. దక్షిణం వైపు చిన్న అడ్డహాలులో ఒక సమాధి దగ్గర ఆ అభిప్రాయం మారింది. అది రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ సమాధి. 1235 నుంచి 1253 దాకా ఇక్కడి బిషప్. గొప్ప పండితుడు, వెలుగు గురించీ ఇంద్రధనుస్సు గురించీ రాసినవాడు. 1253లో నాలుగో ఇన్నొసెంట్ పోపు తన మేనల్లుడికి లింకన్‌లో ఒక కానన్ పదవి, అంటే కథెడ్రల్ గురువుల బృందంలో రాబడి ఉన్న చోటు, ఇవ్వమని ఆజ్ఞ పంపారు. ఆ కుర్రవాడు ఇటలీ వదిలి రాడు, ఇక్కడి ఆత్మల్ని చూడడు, రాబడి మాత్రం తీసుకుంటాడు. గ్రోస్‌టెస్ట్ తిప్పి రాసిన ఉత్తరంలో మాట ఇదీ: కొడుకులా, విధేయతతోనే, ఈ ఆజ్ఞకి లోబడను, ఎదిరిస్తాను. పోపు పీఠం మీద ప్రేమ లేక కాదు, ఆ పీఠానికి ఇలాంటి పని తగదని. ఆయన్ని పునీతుడిగా ప్రకటించమని తర్వాత ఎన్నోసార్లు రోమ్‌కి విన్నపాలు వెళ్లాయి, ఒక్కటీ ఫలించలేదు. నేను ఆ రాతి పలక ముందు మోకరించి ఒక పరలోకజపం చెప్పుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు తప్పు చేస్తే గౌరవం తగ్గకుండా ఎలా కాదనాలో తెలిసిన మనిషి దొరకడం మామూలు విషయం కాదు.

ఆదివారం కోట చూసినప్పుడు ఇదే కథకి ఇంకో ముక్క దొరికింది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా ప్రతులు లోకంలో నాలుగే మిగిలాయి. అందులో ఒకటి ఈ కథెడ్రల్‌దే, ఇప్పుడు కోటలో చీకటి గదిలో పెట్టి చూపిస్తున్నారు. రనిమీడ్‌లో దానికి ముద్ర వేసినప్పుడు అప్పటి లింకన్ బిషప్, వెల్స్ ఊరి హ్యూ అక్కడే ఉన్నాడు. మూడు నెలలు తిరక్కముందే మూడో ఇన్నొసెంట్ పోపు ఆ పత్రం చెల్లదని ప్రకటించారు, ఎందుకంటే 1213లో జాన్ రాజు తన రాజ్యాన్ని పోపుకి సమర్పించి సామంతుడై ఉన్నాడు. రోమ్ రద్దు చేసిన కాగితాన్ని ఈ మరియమాత గుడివాళ్లు పారేయకుండా దాచిపెట్టుకున్నారు. కోట టికెట్ వేరు. మాగ్నా కార్టా, ప్రాకారం మీద నడక, విక్టోరియా కాలపు జైలు అన్నీ అందులోనే. జైలు ప్రార్థనాలయంలో ఒక ఖైదీకి పక్క ఖైదీ కనపడకుండా చెక్క అరలు కట్టారు. అది చూసి గుండె బరువెక్కింది. ప్రాకారం మీదినుంచి కథెడ్రల్ పడమటి ముఖం మొత్తం కనిపించే చోటు ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు. మెట్లు ఎక్కలేనివాళ్లకి లిఫ్ట్ ఉంది. మావారు దాంట్లోనే పైకి వచ్చి అరగంట కూర్చున్నారు.

ఇక నా ప్రశ్న. మరియమాత ఏమైంది?

1536 అక్టోబర్‌లో, మఠాలు మూసేస్తున్నారనీ గుడి సొత్తు తీసుకుపోతారనీ ఈ జిల్లా జనం లౌత్ ఊళ్లో మొదలై వేలాదిగా లింకన్‌కి నడిచొచ్చారు. క్రీస్తు ఐదు గాయాల జెండా పట్టుకుని వచ్చి కథెడ్రల్‌ని నింపేశారు. రాజు పంపిన జవాబు ఇక్కడి చాప్టర్ హౌస్‌లోనే, అంటే గుడి పెద్దలు సమావేశమయ్యే హాలులో, చదివారు. దేశం మొత్తంలో మొరటు, మృగప్రాయమైన జిల్లాల్లో మీదొకటి అని అందులో ఉంది. పది పలకల ఆ గుండ్రటి హాలులో నిలబడి గైడు ఆ మాట చెబుతుంటే మావారి ముఖం ఎర్రబడింది. తిరుగుబాటు రెండు వారాల్లో చల్లారింది, నాయకుల్ని చంపేశారు. 1540 జూన్‌లో రాజు మనుషులు వచ్చి 2,621 ఔన్సుల బంగారం, 4,285 ఔన్సుల వెండి, ముత్యాలు, రత్నాలు తూచి పట్టుకుపోయారు. పునీత హ్యూ అవశేషాలు ఉంచిన మందసం పోయింది. అంతకు నాలుగేళ్ల ముందు రాసిన సొత్తు జాబితాలో మరియమాత స్వరూపం, అంటే విగ్రహం, ఉంది: వెండికి బంగారు పూత, ఆసనం మీద కూర్చున్న తల్లి, తలమీద రాళ్లూ ముత్యాలూ పొదిగిన కిరీటం, ఒడిలో బాలయేసు. అదీ పోయింది.

ఆ జాబితాలో వాక్యాల్నే ఆధారం చేసుకుని 2014లో కొత్త స్వరూపం చెక్కించి పెట్టారు. చెక్కినాయన ఐడన్ హార్ట్, ఆర్థడాక్స్ సంప్రదాయంలో పటాలు వేసే కళాకారుడు. క్యాథలిక్కుల కాలంలో రాసిన జాబితా, ఆర్థడాక్స్ చేతి పని, ఆంగ్లికన్ గుడి. రాతి మీద రంగులు వేసి ఉన్నాయి. మన గుళ్లలో స్వరూపాల్లాగా మెరుపుండదు. తల్లి చూపు నేరుగా మన మీదే ఉంటుంది. ముందు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఒక పెద్దాయన టోపీ తీసి నిలబడి ఉన్నాడు, ఆంగ్లికనో క్యాథలిక్కో అడగాలనిపించలేదు. నేను మూడు కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే కుర్చీలో కూర్చుని జపమాలలో అయిదు రహస్యాలు పూర్తిచేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడి కాపలా ఆవిడ ఒకామె వచ్చి మెల్లగా కుర్చీని గాలి తగలని వైపు జరిపి వెళ్లింది.

అసలు జవాబు సాయంత్రం దొరికింది. ఐదున్నరకి ఈవెన్‌సాంగ్ అని పాటతో చేసే సాయంకాల ప్రార్థన ఉంటుంది. గాయకులు కూర్చునే పునీత హ్యూ క్వైర్‌లో, 1370 ప్రాంతంలో చెక్కిన చెక్క ఆసనాల్లో మమ్మల్నీ కూర్చోబెట్టారు. దీపాలు చిన్నవి, తల పైన దాదాపు చీకటి. పిల్లలూ పెద్దవాళ్లూ తెల్లని అంగీల్లో నడిచి వచ్చారు. కీర్తన అయింది, పాత నిబంధన పఠనం అయింది. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు, గాయకులు ఒక పాట ఎత్తుకున్నారు. మాటలు రాగాల్లో కలిసిపోయి నాకు ఒక్కటీ అర్థం కాలేదు. మావారు చేతిలో కాగితం చూసి నా చెవిలో అన్నారు: "ఇది మన మరియమ్మ పాటే. నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది."

అవును. ఎలిజబెత్తమ్మ ఇంటి గుమ్మంలో మరియమ్మ పాడిన పాట. మనం కూడా సాయంకాల జపంలో చెప్పేదే. బలవంతుల్ని సింహాసనాల మీదనుంచి దించేవాడని దేవుణ్ణి పొగిడే పాట. 1549లో రాజు ఆజ్ఞతో వచ్చిన కొత్త ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో దివ్యబలిపూజ మారిపోయింది, పునీతులకి చేసే విన్నపాలు పోయాయి, ఈ పాట మాత్రం ప్రతి సాయంత్రానికీ అలాగే ఉండిపోయింది. స్వరూపాన్ని తూచి తీసుకెళ్లారు గానీ పాటని ఎవరు తూస్తారు? ఇక్కడ 1563 నుంచి 1572 దాకా ఆర్గన్ వాయించి పిల్లలకి పాట నేర్పినవాడు విలియమ్ బర్డ్ అనే స్వరకర్త. ఆయన తర్వాత బాహాటంగానే రోమ్ పక్షాన నిలిచిన క్యాథలిక్. ఇక్కడ ఉండగా ఒకసారి గుడి పెద్దలు ఆయన జీతం ఆపేశారు కూడా. అలాంటి మనిషి కూడా ఈ చెక్క ఆసనాల మధ్యే ఈ పాటని పిల్లల చేత పాడించాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ యాత్రలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఆ ఇరవై నిమిషాలే.

శనివారం మా అబ్బాయి కారులో మరియమాత పుణ్యక్షేత్రమైన వాల్సింగ్‌హామ్ వెళ్లాం. లింకన్ నుంచి రెండు గంటల పైనే. చదును పొలాల మీదుగా ఏ17 రోడ్డులో కింగ్స్ లిన్ దాకా, అక్కడినుంచి చిన్న పల్లెదారులు. బస్సుల్లో వెళ్లాలంటే రోజంతా పోతుంది, కారు లేకుండా వద్దు. 1061లో రిచెల్డిస్ అనే ఆవిడకి మరియమాత కనిపించి, నజరేతులోని తన ఇంటిలాంటిది ఇక్కడ కట్టమన్నదని కథ. మధ్యయుగంలో ఇంగ్లండ్ నజరేతు అని దీన్నే పిలిచేవారు. 1511లో యువకుడైన ఎనిమిదో హెన్రీ కొడుకు పుట్టాడని కృతజ్ఞతగా ఇక్కడికి వచ్చాడు, ఆఖరి దారి చెప్పులు లేకుండా నడిచాడంటారు. అదే రాజు 1538లో దీన్ని మూయించాడు. స్వరూపాన్ని లండన్ తీసుకెళ్లి కాల్చేశారు.

ఇప్పుడు అక్కడ రెండు పుణ్యక్షేత్రాలున్నాయి. ఊరి మధ్యలో ఆంగ్లికన్లది, 1931లో కట్టినది. లోపల చిన్న ఇటుకల ఇల్లు, దాంట్లో మరియమాత. బావి నీళ్లతో నుదుటి మీద సిలువ వేసి, దోసిట్లో పోసి ఆశీర్వదిస్తారు. ఊరికి మైలు దూరంలో క్యాథలిక్కులది. పద్నాలుగో శతాబ్దపు చిన్న గుడి, స్లిప్పర్ చాపెల్ అంటారు. రోమ్‌తో బంధం తెగాక అది పశువుల కొట్టంగా కూడా ఉంది. షార్లట్ బాయ్డ్ అనే ఆవిడ 1896లో కొని బాగుచేయించింది. పదమూడో లియో పోపు 1897లో వాల్సింగ్‌హామ్ మాత భక్తిని మళ్లీ నిలబెట్టమని ఆమోదం ఇచ్చారు. ఫ్రాన్సిస్ పోపు 2015లో ఆ స్లిప్పర్ చాపెల్ క్షేత్రాన్ని బసిలికా అనే గౌరవ స్థాయికి పెంచారు. రెండు క్షేత్రాల మధ్య, ఒకప్పుడు రైలు పట్టా ఉన్న దారిలో, పొలాల పక్కన నడిచాం. ఏటా ఎండాకాలంలో ఇక్కడికి కేరళ సిరో మలబార్ క్యాథలిక్కులు వేలల్లో వస్తారు, తమిళులూ వస్తారు. ఆ రోజు కూడా కేరళ ఊరేగింపుల్లో పట్టే ముత్తుగొడుగుల ఫోటో ఒకటి నోటీసు బోర్డులో చూసి, మనవాళ్లు కూడా అలా కలిసి వస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను.

లింకన్‌నీ వాల్సింగ్‌హామ్‌నీ పోల్చమంటే నా మాట ఇది. మొక్కు తీర్చుకోవడానికి, జపమాల చెప్పుకుంటూ నడవడానికి, పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేసుకోవడానికి వాల్సింగ్‌హామ్. క్యాథలిక్ పూజ రోజూ ఉంటుంది, క్యాంటీన్ మామూలుగా ఉంది, సూప్‌ రొట్టె తప్ప శాకాహారం పెద్దగా లేదు, మరుగుదొడ్లు శుభ్రం. ఒక్కరోజే ఉంటే మాత్రం లింకనే. వాల్సింగ్‌హామ్‌లో పాతది దాదాపు అంతా పోయింది. మైదానంలో తూర్పు గోడ తోరణం ఒక్కటి ఆకాశాన్ని పట్టుకుని నిలబడి ఉంది. లింకన్‌లో ఆ ఇల్లు ఇల్లుగానే మిగిలింది.

ఆదివారం పూజకి కొండ దిగువన మాంక్స్ రోడ్‌లో ఉన్న పునీత హ్యూ క్యాథలిక్ గుడికి వెళ్లాం. లోపల నిండా మలయాళీలు, పోలండ్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. పూజ అయ్యాక హాల్లో టీ ఇచ్చారు. ఎక్కడినుంచి వచ్చారని ఒక నర్సమ్మాయి అడిగి, విజయవాడ అనగానే గుణదల తిరునాళ్ల గురించి తనే చెప్పింది. వాళ్ల అమ్మమ్మ ఒకసారి ఫిబ్రవరిలో వచ్చిందట. అక్కడినుంచి కోటకి, కోట నుంచి బెయిల్‌గేట్ చివర న్యూపోర్ట్ ఆర్చ్‌కి. రోమన్ల కాలపు నగరద్వారం అది, మూడో శతాబ్దం నాటిది, ఇప్పటికీ కార్లు దాని కిందనుంచే పోతున్నాయి. రోమ్ ఈ ఊరికి రెండుసార్లు వచ్చింది, మొదట సైనికులతో, తర్వాత సిలువతో.

తిండి గురించి రెండు ముక్కలు. కొండ మీద టీ దుకాణాలు బాగున్నాయి, ధర ఎక్కువ. కథెడ్రల్ కేఫ్‌లో సూప్ వేడిగా, మంచిగా ఉంది. అన్నం కావాలంటే బెయిల్‌గేట్ చుట్టుపక్కల భారతీయ హోటళ్లున్నాయి. మేం ఒక రాత్రి తిన్నచోట పప్పు తియ్యగా చేశారు, ఆవకాయ సీసా మా సంచిలో ఉంది కాబట్టి గట్టెక్కాం. సెలవుల్లో గాయక పిల్లలు ఉండరు, కొన్ని రోజుల్లో ఈవెన్‌సాంగ్ పాట లేకుండా ఉత్త చదువుగా జరుగుతుంది. అందుకని వెళ్లే ముందు కథెడ్రల్ వాళ్ల వారపు పట్టిక చూసుకోండి. పావుగంట ముందే వెళ్లి, గాయకుల పక్క ఆసనాల్లో కూర్చోవచ్చా అని అడగండి. కూర్చోబెడతారు. చేతికి కాగితం ఇస్తారు, దాంట్లో రెండో పుటలో ఉంటుంది ఆ పాట.